ఒకే స్టేషన్ మీద ఊరంతా

తెల్లవారుజామున 5 గంటల 55 నిమిషాలకు ముందు కాస్త గరగర. ఆ తర్వాత అడుగున తంబురా శ్రుతి, దాని మీద వయొలిన్. శివరంజని ఛాయలున్న ఆ చిన్న బాణీని ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ అంటారు. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే చెక్ యూదు సంగీతకారుడు. నాజీల బారిన పడకుండా 1934లో బొంబాయి చేరి, ఆ తర్వాత అక్కడి రేడియో స్టేషన్‌లో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. 1946లో ఇండియా విడిచి వెళ్లిపోయాడు. బాణీ మాత్రం ఇక్కడే ఉండిపోయి, తెలుగు పల్లెల్లో పాలు పితికే వేళకు, పొయ్యి రాజేసే వేళకు గుర్తయింది. గోడ గడియారం లేని ఇళ్లలో కూడా ఆ వయొలిన్ వినబడితే ఆరు కొట్టబోతోందని తెలిసేది.

అలా మొదలైన రోజు రాత్రి పదకొండు దాటాక గానీ ముగిసేది కాదు. ఆ మధ్యలో వందేమాతరం, మంగళవాద్యం, భక్తి పాటలు, సంస్కృత వార్తలు, తెలుగు వార్తలు, కర్ణాటక కచేరీ, సినిమా పాటలు, కార్మికులకు, ఆడవాళ్లకు, రైతులకు, పిల్లలకు వేరువేరుగా కార్యక్రమాలు, నాటకం, ప్రసంగం, ధరవరలు, వాతావరణం. ఇన్ని రకాలు ఒకే చోట ఎందుకున్నాయి, ఆ వరుస ఎవరు వేశారు అన్నది చూస్తే, ప్రభుత్వ రేడియో తన శ్రోతల గురించి ఏమనుకుందో అర్థమవుతుంది.

ఆకాశవాణి ఆఫీసుల్లో ఆ వరుసకో పేరుంది: ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. ఏ గంటకు, ఏ నిమిషానికి ఏ రకం కార్యక్రమం రావాలో అందులో ముందే ఖరారై ఉంటుంది. ఒకప్పుడు 6.55 అంటే సంస్కృత వార్తలు, అంతే. ప్రపంచం తలకిందులైనా ఆ గడి కదిలేది కాదు. గడిలో ఏం నింపాలన్నది వేరే లెక్క. దానికి మూడేసి నెలలకో షెడ్యూల్ వేస్తారు. ఎవరు పాడాలి, ఎవరు మాట్లాడాలి, కాంట్రాక్టు ఎప్పుడు పంపాలి అన్నవన్నీ అందులో తేలుతాయి. ఏది ఎప్పుడు వేయాలో రాసిన క్యూ షీట్ ఏ రోజుకారోజు తయారవుతుంది. అది చేతికొచ్చాక అనౌన్సర్‌కు సొంత స్వేచ్ఛ పెద్దగా మిగలదు.

ఊళ్లో ఎవరి చేతులు ఏ గంటకు ఏ పనిలో ఉంటాయో లెక్కగట్టి వేసిన పట్టిక అది. పొద్దున్నే దేవుడి గది, వంటిల్లు, కాబట్టి భక్తి పాటలు. మగవాళ్లు ఆఫీసుకు బయలుదేరే ముందు వార్తలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్లకు కాస్త తీరిక దొరుకుతుందని స్త్రీల కార్యక్రమం. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న రైతుకు పాడిపంటలు. ఆదివారం బడి ఉండదు కాబట్టి పిల్లలకు బాలానందం. ఆడవాళ్లు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారన్న అంచనా ఈ పట్టికలో బాహాటంగానే ఉంది. పొలం పని చేసే ఆడది స్త్రీల కార్యక్రమం వినాలా, రైతుల కార్యక్రమం వినాలా అన్నది చార్ట్ వేసినవాళ్లకు తట్టినట్టు లేదు.

ఈ చార్ట్ చేసిన అసలు పని ఇంకొకటి ఉంది, అది ఎవరూ పనిగట్టుకుని తలపెట్టిందీ కాదు. ఊళ్లో రేడియోలు తక్కువ, రేడియోలో పట్టుబడే స్టేషన్లు ఇంకా తక్కువ. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యే దాకా ఆకాశవాణి తెలుగు కార్యక్రమాలకు మద్రాసే దిక్కు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. విశాఖపట్నం, కడప కేంద్రాలు వచ్చేసరికి 1963 అయింది. ఒక ఇంట్లో ఒక సెట్టు, సెట్టులో గట్టిగా వినిపించేది ఒక స్టేషన్. కాబట్టి ఎవరి కోసమో వేసిన కార్యక్రమం అందరి చెవిలోనూ పడేది. సినిమా పాట కోసం కాచుకున్న కుర్రాడు వరిలో ఆకుముడత పురుగు గురించి వినాల్సొచ్చేది. వార్తల కోసం ట్యూన్ చేసిన ముసలాయన బాలానందం పాట కూడా వినేసేవాడు. పక్కింటివాళ్లకు వచ్చిన ఉత్తరం మన ఇంట్లో చదివినట్టుండేది ఆ వ్యవహారం.

సంస్కృత వార్తలే దీనికి మంచి ఉదాహరణ. 1974లో మొదలైన అయిదు నిమిషాల బులెటిన్ అది. సంస్కృతం ఇంట్లో మాట్లాడేవాళ్లు దేశం మొత్తం మీద ఎంతమంది? అయినా ‘ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానంద సాగరః’ అన్న వాక్యం బడి మొహం చూడని తెలుగువాళ్ల నోళ్లలో కూడా ఆడింది. కారణం భాష మీద భక్తేం కాదు. ప్రాంతీయ వార్తలకూ ఢిల్లీ తెలుగు వార్తలకూ మధ్య ఆ అయిదు నిమిషాల కోసం లేచి వెళ్లి రేడియో కట్టేసేంత ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఆ తర్వాత వచ్చే ‘వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్’ అన్నది కూడా అలాంటి కంఠస్థమే. ఇంటిపేరుతో సహా పేరు వాక్యం చివర పడే ఆ తీరు తెలుగులో రేడియో చేసిన అలవాటు. టీవీ వార్తల్లో అది నిలవలేదు.

పొద్దుటి భాగంలో తెలుగు కేంద్రాలు సొంతంగా సాధించినది భక్తిరంజని అనే భక్తి పాటల కార్యక్రమం. విజయవాడ కేంద్రానికి ఈ విషయంలో ఉన్న పేరు ఊరికే రాలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు అక్కడ పనిచేశారు. వాగ్గేయకారుల మీద పరిశోధన చేసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న మనిషి, పైగా స్వయంగా పాటలు రాసి బాణీలు కట్టేవారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు లాంటివాళ్లు ఆ స్టూడియోలోనే పాడారు. వయొలిన్ మీద అన్నవరపు రామస్వామి, మృదంగం మీద దండమూడి రామమోహనరావు. నెల జీతానికి ఇలాంటివాళ్లను ఒక ప్రభుత్వ ఆఫీసు పెట్టుకోవడం ఇప్పుడు ఊహకందదు. వీళ్లను నిలయ విద్వాంసులు అనేవారు. వీళ్లు రోజూ ఆఫీసుకు వచ్చేవారు కాబట్టే, తత్వాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, జానపదుల మేలుకొలుపులు స్వరపరిచి రికార్డు చేసే తీరిక కేంద్రానికి దొరికింది. ఆదివారాల్లో వినిపించిన సూర్యుడి మేలుకొలుపు పాట చాలామందికి గుర్తే. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే దాకా సూర్యుడు ఏ వేళకు ఏ పువ్వు రంగులో ఉంటాడో చెబుతుంది. ఒక రకంగా అదీ ఫిక్స్‌డ్ పాయింట్ చార్టే.

ఇదంతా సంస్కారం నేర్పే పని అని ఆకాశవాణి గట్టిగా నమ్మింది. ‘బహుజన హితాయ, బహుజన సుఖాయ’ అన్నది దాని ధ్యేయవాక్యం. హితం, సుఖం రెండూ అందులో ఉన్నాయి. పేచీ వచ్చిందల్లా రెండింటినీ గంటల్లోకి పంచేటప్పుడే. 1952 నుంచి పదేళ్లు సమాచార, ప్రసార శాఖ చూసిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే పడదు. పాటల సమయం తగ్గించారు, పాటతో పాటు సినిమా పేరు చెప్పడం ఆపించారు. నిర్మాతలకు కోపం వచ్చి పాటల హక్కులు ఇవ్వడం మానేశారు. జనం శాస్త్రీయ సంగీతం వైపు తిరుగుతారని మంత్రిగారి అంచనా. జనం ముల్లు కొలంబో వైపు తిప్పారు.

రేడియో సిలోన్ చేతిలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లున్నాయి. మౌంట్‌బాటన్ నడిపిన ఆగ్నేయాసియా కమాండ్ సైనికుల కోసం పెట్టిన రేడియో వారసత్వం అది. హిందీలో అమీన్ సయానీ పాటల కార్యక్రమం దేశాన్ని ఊపేస్తుంటే, తెలుగు ఇళ్లలో మీనాక్షి పొన్నుదురై గొంతు చుట్టమైపోయింది. సిలోన్ యాస కలిసిన ఆవిడ తెలుగును జనం నవ్వుతూనే ప్రేమించారు. ప్రకటనల డబ్బు కూడా అటే పోయింది. చివరికి ఆకాశవాణి దిగొచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టింది, బొంబాయి, మద్రాసు షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల మీద. ప్రకటనలకు తలుపు తీయడానికి ఇంకో పదేళ్లు, 1967 దాకా పట్టింది. సుఖానికి వేరే స్టేషన్ కట్టి ఇచ్చేశాక, హితం పాత స్టేషన్‌లో ఒంటరిగా మిగిలింది. ఊరంతా ఒకే చార్ట్ కింద ఉన్న రోజులు తగ్గుముఖం పట్టింది అక్కడినుంచే. టీవీ వచ్చాకనో, ఎఫ్‌ఎం వచ్చాకనో అనుకుంటాం గానీ, మొదటి చీలిక రేడియోలోపలే జరిగింది.

ఈ సంస్కార పట్టుదలకు ఇంకో బలి హార్మోనియం. అది మన శ్రుతులకు సరిపడదని 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి సంగీతంలో నిషేధించారు. 1970ల మొదట్లో గానీ సడలించలేదు. హార్మోనిస్టు లేనిదే తెర లేవని పద్యనాటకాల దేశంలో మూడు దశాబ్దాల పాటు సర్కారు రేడియో ఆ పెట్టెను గుమ్మం బయటే నిలబెట్టిందంటే, ఢిల్లీ అభిరుచి ఎంత దూరం పాకేదో తెలుస్తుంది.

అయితే అదే సంస్థ పగటి పూట తన బిగుసుకున్న పెదాలు కాస్త సడలించేది. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, బాలయ్య అని ముగ్గురు మాట్లాడుకునేవారు. వార్తల్లో వినిపించే పుస్తకాల తెలుగు వాళ్ల దగ్గర ఉండేది కాదు. కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు, ఫ్యాక్టరీలో భద్రత లాంటి ప్రభుత్వ పాఠాలే చెప్పేవారు గానీ, మధ్యలో ఏకాంబరాన్ని ఎవరో ఒకరు ఆటపట్టించేవారు. పాఠం మర్చిపోయినా ఆ దెప్పిపొడుపు గుర్తుండేది. రైతుల కార్యక్రమాల పద్ధతీ ఇదే. అధికారి చెప్పాల్సిన మాటను ఊరి మనుషుల సంభాషణగా మార్చి, రైతులు కార్డు ముక్క మీద రాసి పంపిన ప్రశ్నలకు అందులోనే జవాబులిచ్చేవారు. ఇది వట్టి కాలక్షేపంగా పోలేదు. తంజావూరు ప్రాంతంలో 1960ల చివర ఏడీటీ-27 అనే వరి రకం రేడియో ప్రచారంతో ఎంతగా వ్యాపించిందంటే, రైతులు దాన్ని రేడియో వడ్లనే పిలిచారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద లౌడ్‌స్పీకరు పెట్టి సాయంత్రం ఈ కార్యక్రమాలు వినిపించే ఏర్పాటు తెలుగు ఊళ్లలోనూ ఉండేది. వినేవాళ్లు వినేవారు, మిగతావాళ్లు పులిజూదం ఆడుకునేవారు.

తెలుగు మాట అందని చోటికి కూడా చార్ట్‌లో చోటుంది. ఆదిలాబాద్ కేంద్రం గోండీలో కార్యక్రమాలు వేస్తుంది. 23 భాషలు, 179 మాండలికాలు అని ఆకాశవాణి తన లెక్క చెప్పుకుంటుంది. ప్రకటనల మీద బతికే స్టేషన్ ఏదీ గోండీకి అరగంట కేటాయించదు, ఆ అరగంటకు సబ్బు అమ్ముడుపోదు కాబట్టి. ప్రభుత్వ డబ్బుతో నడిచే రేడియోకు ఇంతకంటే బలమైన సమర్థన వెతకనక్కర్లేదు.

ఇదే డబ్బు నోరు కూడా కట్టేస్తుంది. ఎమర్జెన్సీలో ఆలిండియా రేడియోను జనం ఆల్ ఇందిరా రేడియో అని ఎగతాళి చేశారు. ఆ తర్వాత స్వతంత్ర ప్రతిపత్తి కోసం కమిటీ వేశారు, 1990లో చట్టం చేశారు, 1997 నవంబరులో గానీ ప్రసార భారతి పుట్టలేదు. పుట్టాక కూడా వార్తల స్వరం పెద్దగా మారిందని వినేవాళ్లెవరూ అనరు. మధ్యలో 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారే. తీర్పు తర్వాత ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చాయి గానీ సొంతంగా వార్తలు చెప్పే హక్కు వాటికి ఇప్పటికీ రాలేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వేసుకోవచ్చు. టీవీలో ఇరవై నాలుగు గంటలూ ఎవరైనా ఏదైనా అనొచ్చు, రేడియోలో మాత్రం వార్త సర్కారుదే. ఈ తేడాకు సరైన కారణం చెప్పినవాళ్లు లేరు.

ఇక స్టూడియోలోకి వెళితే, ఈ వైవిధ్యం మొత్తం నిమిషాలతో కుస్తీ. ప్రసంగానికి పది నిమిషాలిస్తే పెద్దమనిషి ఎనిమిదికే ముగించేస్తాడు. ఆ రెండు నిమిషాలు ఖాళీగా వదలడానికి లేదు. మౌనం రేడియోలో తప్పు కింద లెక్క. అందుకే ఫిల్లర్: వీణో, వేణువో, వయొలినో. ఢిల్లీ వార్తల సమయం సెకన్ల లెక్కన వస్తుంది కాబట్టి, కచేరీలో మంగళం పూర్తి కాకపోయినా శబ్దం తగ్గించే ఫేడర్ కిందికి లాగాల్సిందే. పక్కన డ్యూటీ ఆఫీసర్ రిపోర్టు రాస్తుంటాడు: ఏ ఐటమ్ ఎన్ని సెకన్లు ఆలస్యమైంది, ఏ టేపు మధ్యలో ఆగింది. మర్నాడు పొద్దున మీటింగులో ఆ రిపోర్టు మీద పంచాయితీ. శ్రోతకు చేరేది మాత్రం ఒక్క వాక్యమే: ‘ప్రసారంలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం.’ వాడుక తెలుగులో ఎవరూ దేనికీ అలా చింతించరు, అయినా ఆ మాట ఇంటింటి హాస్యంలో చేరిపోయింది.

చార్ట్ మొత్తం పక్కన పడేసే సందర్భం ఒకటుంది. దేశ నాయకుడెవరైనా పోతే పాటలన్నీ ఆగిపోయి విషాదంగా వాద్య సంగీతం మొదలవుతుంది. వేళ కాని వేళ సారంగి గానీ వీణ గానీ సాగుతూ ఉంటే, వార్త చెప్పకముందే ఇంట్లో పెద్దవాళ్లు ‘ఎవరో పోయినట్టున్నారు’ అనేవారు. గడులు అంత గట్టిగా అలవాటయ్యాయి కాబట్టే వాటిని చెరిపేయడం కూడా ఒక వార్త అయింది.

రాత్రి రేడియో తీరు వేరు. విజయవాడ 837, హైదరాబాదు 738, విశాఖపట్నం 927, కడప 900 కిలోహెర్ట్జ్. వీటిలో ఏ సంఖ్యలోని అంకెలు కూడినా 18 గానీ 9 గానీ వస్తుంది. జ్యోతిషం కాదు, మన వైపు మీడియంవేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్ అని 1970ల్లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం వల్ల ప్రతి సంఖ్యా తొమ్మిదో ఎక్కంలోదే. పగలు సూర్యరశ్మికి ఆకాశంలో కింది పొర ఒకటి ఏర్పడి మీడియంవేవ్‌ను పీల్చేస్తుంది. పొద్దు కుంకాక ఆ పొర కరిగిపోతుంది, తరంగాలు పైపొరకు తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. దాంతో రాత్రి తొమ్మిది తర్వాత తెలుగు నాటకం కింద నుంచి ఎక్కడిదో తమిళం, ఇంకెక్కడిదో సింహళం తేలివచ్చేవి. 1952లో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమం లాంటి బరువైన కచేరీలను రాత్రికే పెట్టారు. భోజనాలయ్యాక తీరిక అన్నది లెక్క. నిజానికి చాలా ఇళ్లలో అవి నిద్రలోకి జారే దారిలో వినబడ్డవే. అలా నిద్రలో విన్న తోడి రాగాన్ని ఏళ్ల తర్వాత పేరు తెలియకుండా గుర్తుపట్టినవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడీ కార్యక్రమాలు పోలేదు. యాప్‌లో ఉన్నాయి, డీటీహెచ్‌లో ఉన్నాయి, హైదరాబాదు వివిధ భారతి 102.8 మీద ఎఫ్‌ఎంలో స్పష్టంగా వస్తుంది. గరగర లేదు. భక్తి పాటలు కావాలంటే అవే, వార్తలు కావాలంటే అవే నొక్కి వినొచ్చు. ఎవరి కార్యక్రమం వాళ్ల దగ్గరకు చేరుతోంది, రేడియోవాళ్లు మొదట్నుంచీ కోరుకున్నదీ అదే. మధ్యలో పోయిందల్లా మనది కాని కార్యక్రమం. సినిమా పాట కోసం యాప్ తెరిచిన కుర్రాడికి ఆకుముడత పురుగు ఎదురు రాదు.

ఒక్క చోట ఆ పాత లక్షణం ఇంకా కాస్త మిగిలి ఉంది. కోరిన పాటల కార్యక్రమం, జనరంజని. మూడున్నర నిమిషాల పాటకు ముందు అర నిమిషానికి పైగా పేర్లే చదువుతారు. ఫలానా మండలం ఫలానా ఊరి నుంచి ఫలానా, వాళ్ల అక్క, బావ, పిల్లలు, పక్కింటి స్నేహితులు. ఒకప్పుడు పోస్టుకార్డు మీద వచ్చేవి ఆ పేర్లు, ఇప్పుడు ఫోన్లోనో మెసేజ్‌లోనో వస్తున్నాయి. పాట ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుందని వాళ్లందరికీ తెలుసు. అయినా పంపుతారు. రేడియో దగ్గర కూర్చున్నవాళ్లు పాట సంగతి తర్వాత, ముందు తమ పేరు సరిగ్గా చదివారా, ఊరి పేరు తప్పుగా పలికారా అని చెవులు రిక్కించి వింటారు.